పసుపు: దుంప నుంచి మందు దాకా, కొలతలతో నా అనుభవం

కిలో పచ్చి పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి కొట్టి జల్లిస్తే చివరికి సీసాలోకి చేరేది 200 గ్రాములు, మహా అయితే 220. మిగతాదంతా నీరే. పసుపు వైద్యంలో సగం గందరగోళం ఈ లెక్క తెలియకే వస్తుంది. "పాలల్లో ఓ చెంచా పసుపు వేసుకో" అనేవాళ్లు పచ్చి దుంప తురుము గురించి చెబుతున్నారో, ఎండు పొడి గురించి చెబుతున్నారో విడమరచరు. రెంటికీ అయిదు రెట్లు తేడా. చెంచాడు పచ్చి తురుముకు అలవాటుపడిన మనిషి అదే చెంచాతో ఎండు పొడి వేసుకుంటే గొంతు దిగదు, దిగినా కడుపులో మంట.

మందుగా వాడే పసుపును నేను దుంప దగ్గర్నుంచే చేసుకుంటాను. ఎలా చేస్తాను, ఎంత వేస్తాను, ఎక్కడ చెడుతుంది, దేనికి పనికొస్తుంది, దేనికి రాదు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంత శ్రమ దేనికంటే, రంగు భయం. లెడ్ క్రోమేట్ అని పసుపుపచ్చటి రంగు పొడి ఒకటుంది. అందులో సీసం ఉంటుంది. పాలిపోయిన పసుపుకు మెరుపు తేవడానికి దాన్ని వాడిన సంగతి బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో బయటపెట్టారు. గమనించాల్సింది ఏంటంటే, ఆ కల్తీ పొడిలో కాదు, కొమ్ములకు మెరుగు పెట్టే దశలోనే జరిగింది. అంటే పొడి మానేసి కొమ్ములు కొన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఎండు కొమ్ములే కొనాల్సి వస్తే, బయట నిగనిగలాడే పసుపుపచ్చ రంగుతో ఉన్నవి వదిలేసి, మట్టిరంగు పొట్టుతో కాస్త వాడిపోయినట్టు కనిపించేవి తీసుకుంటాను. తడి తెల్లగుడ్డతో కొమ్మును గట్టిగా రుద్దితే గుడ్డకు చిక్కటి పసుపు అంటకూడదు. కొమ్ము రంగు లోపల ఉండాలి, పొట్టు మీద కాదు.

నీళ్ల గ్లాసులో చెంచాడు పొడి వేసి చూసే పరీక్ష అందరికీ తెలిసిందే. మంచి పసుపు మెల్లగా అడుక్కి దిగుతూ పైన లేత పసుపు నీళ్లను వదులుతుంది. రంగు కలిపినదైతే నీళ్లు మొత్తం చిక్కగా పచ్చబడతాయి. మెటానిల్ ఎల్లో లాంటి నీళ్లలో కరిగే రంగులు దీనికి దొరుకుతాయి. లెడ్ క్రోమేట్ నీళ్లలో కరగదు, బరువుగా అడుక్కి పోతుంది. కాబట్టి ఈ పరీక్షలో నెగ్గిన పొడిలో సీసం లేదని నమ్మకం పెట్టుకోకూడదు. నాకు ఈ ఒక్క కారణం చాలు, పచ్చి దుంప నుంచి మొదలుపెట్టడానికి.

పచ్చి పసుపు గుత్తిలో మధ్యన గుండ్రంగా ఉండే తల్లిదుంపను మండ అంటారు, దాని నుంచి వేళ్లలా చీలేవి కొమ్ములు. ఒక కొమ్ము విరిచి చూడాలి. లోపల ముదురు నారింజ రంగు ఉంటే తీసుకోవచ్చు. నిమ్మపండు రంగులో పాలిపోయి ఉంటే అందులో సారం తక్కువే. మెత్తబడ్డవి, బూజు పట్టినవి ఏరి పారేస్తాను. ఆ భాగం కోసేసి మిగతాది వాడడం ఉండదు.

మట్టి పోయేదాకా బ్రష్షుతో రుద్ది కడగాలి. సన్న వేళ్లు తుంచెయ్యాలి. పొట్టు తీయక్కర్లేదు, ఉడికాక అదే పలచబడుతుంది. మండల్నీ కొమ్ముల్నీ వేరుచేసి వేర్వేరు గిన్నెల్లో పెడతాను. మండ లావుగా ఉంటుంది కాబట్టి కొమ్ము ఉడికే వేళకు అది లోపల పచ్చిగానే ఉంటుంది. ఒకే గిన్నె ఉంటే మండల్ని రెండుగా చీల్చి వెయ్యాలి. దుంపల మీద రెండు వేళ్ల మందాన నీళ్లు నిలిచేలా పోసి, మూత పెట్టి ఉడికిస్తే 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. నురగ పొంగి, పచ్చి వాసన పోయి, ఉడికిన పసుపు ఘాటు ఇల్లంతా అలుముకున్నప్పుడు అగ్గిపుల్ల లాంటి సన్న పుల్లతో గుచ్చి చూస్తే అడ్డు లేకుండా దిగాలి. అదే గుర్తు. కుక్కర్‌లో త్వరగా అయిపోతుంది గానీ మధ్యలో మూత తీసి గుచ్చి చూడలేం, ఆ అంచనా తప్పితే దుంప ముద్దవుతుంది. ఎక్కువ ఉడికితే రంగు దెబ్బతింటుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా అయిపోతుంది. రంగు బాగా వస్తుందని చిటికెడు వంటసోడా వేసేవాళ్లున్నారు. నేను వెయ్యను. పసుపులో పనిచేసే కర్క్యుమిన్‌కు క్షారం పడదు, సోడా తగిలితే ఎర్రబడి విరిగిపోతుంది.

ఉడకబెట్టకుండా పచ్చిదే తరిగి ఎండబెట్టి పొడి కొట్టకూడదా అని అడుగుతారు. కొట్టొచ్చు. కానీ ఉడికిస్తే దుంపలో పిండిపదార్థం జిగురుగా మారి రంగు అంతటా సమంగా పరుచుకుంటుంది, త్వరగా ఆరుతుంది. నిల్వ కూడా ఉడికించినదే నాకు బాగా ఉంటోంది.

గోరువెచ్చగా ఉండగానే అర సెంటీమీటరు మందాన చక్రాలుగా తరుగుతాను. చేతులకు ముందే కొంచెం నూనె రాసుకుంటే రంగు ఆ నూనెలోకి పోతుంది, చర్మానికి తక్కువ అంటుతుంది. శుభ్రమైన గుడ్డ మీద ఒక్క వరసగా పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి ఎండలో పెట్టాలి. పై గుడ్డ ఈగల కోసమే కాదు. ఎండ సూటిగా తగిలితే చక్రాల పైభాగం వెలిసిపోతుంది, ఎందుకంటే కర్క్యుమిన్‌కు వెలుతురు కూడా పడదు. సాయంత్రం కాగానే ఇంట్లోకి తెచ్చెయ్యాలి. పగలు ఎండినదంతా రాత్రి మంచుకు మళ్లీ తేమ పీల్చుకుంటుంది. ఈ పని తప్పించుకున్న చోటే ఎక్కువ బూజు పడుతుంది. గట్టి ఎండ ఉంటే చక్రాలకు అయిదారు రోజులు చాలు. తరగకుండా కొమ్ములు కొమ్ములుగా ఎండబెడితే 10 నుంచి 15 రోజులు.

ఎండిందా లేదా అని చూడడానికి కంటికన్నా చెవి నమ్మకం. చక్రాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి విరిస్తే టక్కుమని చప్పుడు రావాలి. వంగి, నారలాగా సాగి, తర్వాత తెగితే ఇంకా తేమ ఉన్నట్టే. అలా ఉన్నప్పుడే తొందరపడి సీసాలో పెడితే నెల తిరక్కుండానే మూత కింద ఆవిరి చుక్కలు, తర్వాత బూడిదరంగు మచ్చలు. బూజు పట్టిన పసుపును పైపైన దులిపి వాడకూడదు. విషం పైనున్న బూజులో మాత్రమే ఉండదు, పొడంతా పారేయాల్సిందే.

ఎండిన చక్రాలను మిక్సీలో 20 సెకన్లు తిప్పడం, ఆపడం, మళ్లీ తిప్పడం. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి పసుపులోని వాసన నూనె ఎగిరిపోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే సీసాలోకి వెళ్లాల్సింది గాల్లో కలిసిందన్నమాట. తరగకుండా ఎండబెట్టిన కొమ్ములైతే రాయిలా ఉంటాయి. వాటిని సూటిగా మిక్సీలో వేస్తే బ్లేడు మొద్దుబారుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ముందు రోట్లో రోకలితో పలుకులుగా దంచుకోవాలి. సన్న జల్లెడ పట్టి, మిగిలిన మొరుం మళ్లీ తిప్పాలి. పొడి వెచ్చగా ఉండగా సీసాలో పోస్తే లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. పళ్లెంలో గంటసేపు ఆరనిచ్చి, గాజు సీసాలో పోసి, వెలుతురు తగలని అల్మరాలో పెడతాను. మందు సీసా, వంట సీసా వేర్వేరు. వంట సీసాలో పోపు పెట్టే చేతితో, తడి చెంచాతో ఎన్నిసార్లు తడుముతామో లెక్క ఉండదు.

ఇక కొలత. తలగొట్టి కొలిచిన టీస్పూను పసుపు పొడి దాదాపు 3 గ్రాములు. శిఖరంలా పోసి తీస్తే అదే చెంచా 5 గ్రాముల దగ్గరకు పోతుంది. అందుకే కత్తి వెనకవైపుతో చెంచా అంచు మీద గీసి చదును చేస్తాను. ఎండు పసుపులో కర్క్యుమిన్ రమారమి 2 నుంచి 5 శాతం. 3 శాతం అనుకుంటే టీస్పూనులో 90 మిల్లీగ్రాములు, పావు టీస్పూనులో 22 మిల్లీగ్రాములు. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

రెండు గ్లాసుల ప్రయోగం ఒకటి ఎవరైనా చేసి చూడొచ్చు. ఒక గ్లాసులో వేడినీళ్లు, ఇంకో చిన్న గిన్నెలో కరిగించిన నెయ్యి. రెంటిలోనూ పావు టీస్పూను పసుపు వేసి కలపాలి. పది నిమిషాల తర్వాత చూస్తే, నీళ్ల గ్లాసులో అడుగున బురదలా పేరుకుని పైన తేటగా లేత రంగు ఉంటుంది. నెయ్యి గిన్నెలో పొడి కిందికి దిగినా పైనున్న నెయ్యి మొత్తం నారింజ రంగులోకి తిరిగి ఉంటుంది. కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పొద్దున్నే పరగడుపున వేడినీళ్లలో పసుపు కలుపుకుని తాగేవాళ్లు ఆ గ్లాసు అడుగున మిగిలే బురదను కడిగి పారేస్తున్నారు. తాగింది చాలావరకు వేడినీళ్లే.

పసుపు పాలు నేను చేసే తీరు ఇది. 200 మిల్లీలీటర్ల వెన్న తీయని పాలు, మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల నీళ్లు, పావు టీస్పూను పసుపు, అప్పుడే నలగ్గొట్టిన మిరియాలు నాలుగు. వెన్న తీసిన పాలే ఉంటే అర టీస్పూను నెయ్యి. పసుపును ముందు రెండు చెంచాల చల్లటి పాలలో ముద్దలా కలుపుకుని, ఆ తర్వాత మిగతా పాలలో పోస్తాను. పొడిని సూటిగా మరిగే పాల మీద చల్లితే గడ్డలు కట్టి పైన తేలుతుంది. ఒక పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి అయిదు నిమిషాలు మరగనివ్వాలి, మధ్యమధ్య కలపాలి. మొదట కలిపిన నీళ్లు ఇందులోనే ఇగిరిపోతాయి. పచ్చివాసన పోయి, పాల మీద నూనె చుక్కల్లా పసుపు మెరుపు కనబడితే అయినట్టు. దించేశాక రెండు నిమిషాలు ఆగి బెల్లం వెయ్యాలి. మరుగుతుండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. విరిగితే నింద పసుపు మీద పడుతుంది గానీ తప్పు దానిది కాదు, బెల్లానిదో, పాతబడ్డ పాలదో, పచ్చి అల్లానిదో అయి ఉంటుంది. అల్లం వెయ్యాలనుకుంటే పాలు బాగా మరిగాకే వెయ్యాలి. చల్లటి, వెచ్చటి పాలలో అల్లంలోని ఎంజైము పాలను పెరుగులా తోడేస్తుంది.

చివరి గుక్కకు ముందు గ్లాసును ఒకసారి తిప్పి అడుగున ఉన్నది కూడా తాగాలి. పసుపంతా అక్కడే ఉంటుంది.

మిరియాలు రుచికి కావు. కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ, చేరినదాన్ని కూడా కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. మిరియాల్లోని పిపరిన్ ఆ పనిని అడ్డుకుంటుంది. బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపరిన్ ఇస్తే మనుషుల రక్తంలో కర్క్యుమిన్ లభ్యత 2,000 శాతం పెరిగింది. మిరియంలో పిపరిన్ సుమారు 5 శాతం, ఒక గింజ బరువు 40 నుంచి 50 మిల్లీగ్రాములు. అంటే ఆ 20 మిల్లీగ్రాములు 8 నుంచి 10 గింజల్లో దొరుకుతుంది. పాలలో వేసే పావు చెంచా పసుపుకు అన్ని అక్కర్లేదు, నాలుగు చాలు. అంతకు మించితే గొంతు మండుతుంది. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. కాలేయాన్ని ఆపే ఈ గుణం కర్క్యుమిన్ దగ్గర ఆగదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఆయాసానికి వాడే థియోఫిలిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ లాంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి. అవి వాడేవాళ్లు మిరియం తీసేసి ఉత్త పసుపు పాలే తాగడం మేలు.

జలుబు, దగ్గు ఉన్నప్పుడు రాత్రిపూట ఒక గ్లాసు, అయిదు నుంచి ఏడు రోజులు. నిజాయతీగా చెప్పాలంటే మామూలు జలుబు ఏడు నుంచి పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. గోరువెచ్చటి పాలు, మిరియం, బెల్లం గొంతుకు హాయినిస్తాయి, నిద్ర పడుతుంది. అందులో పసుపు వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. మూడు రోజులు దాటి జ్వరం ఉన్నా, ఊపిరి అందకపోయినా, కఫంలో రక్తం కనబడినా పాల గ్లాసు పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

గొంతునొప్పికి పుక్కిలింత మీద నాకు పాలకన్నా ఎక్కువ గురి. 250 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు, అర టీస్పూను ఉప్పు, పావు టీస్పూను పసుపు. నీళ్లలో పసుపు కరగదని ఇప్పుడే చెప్పాను కదా. ఇక్కడ కరగనక్కర్లేదు, గొంతు గోడకు తాకితే చాలు. అందుకే ప్రతి గుక్కకు ముందు చెంచాతో కలపాలి. తల వెనక్కి వాల్చి 30 సెకన్లు, అలా గ్లాసు అయ్యేదాకా, రోజుకు మూడుసార్లు. వేడి ఎక్కువైతే వాచిన గొంతు ఇంకా పుండవుతుంది, మణికట్టు మీద చుక్క వేసుకుంటే కాలకూడదు. పళ్ల మీద కాస్త పసుపు మిగులుతుంది, రెండుసార్లు తోముకుంటే పోతుంది. చీము పట్టిన గొంతుకు, మింగుడు పడనంత వాపుకు ఇది మందు కాదు.

తేనె, పసుపు కలిపి నాకడం సులువైన పని: టీస్పూను తేనెలో చిటికెడు, అంటే టీస్పూనులో ఎనిమిదో వంతు. దగ్గుకు ఇందులో పనిచేసేది ముఖ్యంగా తేనె. ఏడాది నిండని పిల్లలకు తేనె ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఆవిరి పట్టే నీళ్లలో పసుపు వెయ్యడం నేను మానేశాను. కర్క్యుమిన్ ఆవిరైపోయే పదార్థం కాదు. పైకి లేచేది నీటి ఆవిరి, దాంతోపాటు కొంచెం వాసన నూనె. ముక్కు దిబ్బడ వదిలించేది ఆవిరి. పసుపు గిన్నెకు, దుప్పటికి, మొహానికి రంగు అంటించడం తప్ప చేసేదేం లేదు. గిన్నె ఒలికి కాళ్లు కాలడమే దీనిలో అసలు ప్రమాదం, పిల్లలకైతే అసలు పెట్టను. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం ఇంకా అన్యాయం. పొగ ఏ కొమ్ముదైనా పొగే, ఆయాసం ఉన్నవాళ్లకు అది ఊపిరి బిగబట్టేస్తుంది.

గాయం మీద పసుపు అద్దడం గురించి రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 1995లో అమెరికా పేటెంట్ కార్యాలయం గాయాలు మాన్పడానికి పసుపు వాడడంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చింది. మన సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) పాత గ్రంథాలు, వ్యాసాలు ముందుపెట్టి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. ఆ గెలుపును చాలామంది "పసుపు గాయాన్ని మాన్పుతుందని తేలింది" అని చెప్పుకుంటారు. అక్కడ తేలింది ఆ వాడకం కొత్తది కాదని. పాతది కావడం వేరు, పనిచేయడం వేరు.

ప్రయోగశాలలో పసుపు సారం సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకున్న మాట నిజం. కానీ వంటింటి పొడి శుద్ధి చేసిన మందు కాదు. నేలలో పెరిగిన దుంప, ఆరుబయట ఎండింది. అందులో వేడికి కూడా చావని బాసిల్లస్ అనే బాక్టీరియా జాతి బీజాలు ఉంటాయి. పైగా పొడి, రక్తం కలిసి పెచ్చులా గట్టిపడితే కింద చీము పడుతున్నా తెలియదు, పసుపు రంగులో గాయం ఎర్రబడడం కూడా కనబడదు. కాబట్టి నేను చేసేది ఇంతే: పైచర్మం గీసుకుపోయిన చిన్న దెబ్బను కుళాయి ధార కింద అయిదు నిమిషాలు కడగడం, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి రక్తం ఆపడం, పొడిగా ఉంచడం. పసుపు వెయ్యాలనిపిస్తే రక్తం పూర్తిగా ఆగి పైన పొర కట్టాక, కాచి చల్లార్చిన కొబ్బరినూనె టీస్పూనులో చిటికెడు కలిపి పలచగా రాయొచ్చు. లోతుగా తెగినది, మేకు గుచ్చుకున్నది, జంతువు కరిచినది, కాలి బొబ్బలెక్కినది, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల కాలి పుండు, వీటిలో దేనికీ పసుపు ముట్టించను. కుక్క కరిచినప్పుడు పసుపు, కారం కూరి ఆసుపత్రికి వెళ్లేలోపు పోయేది విలువైన సమయం. అక్కడ కావాల్సింది పదిహేను నిమిషాలు సబ్బుతో కడగడం, టీకా.

బెణుకుకు పట్టు వెయ్యడం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు జరిగేది సున్నం దగ్గర. పసుపు, సున్నం కలిపితే క్షణంలో ఎర్రగా మారుతుంది. రంగు చూసి మందు గట్టిపడిందనుకుంటారు. నిజానికి అది క్షారానికి కర్క్యుమిన్ రంగు మార్చుకోవడమే, మారినది నిలవదు కూడా. సున్నం మాత్రం చర్మాన్ని కొరుకుతుంది. రాత్రంతా ఉంచితే పొద్దున్నకు బొబ్బలు. నేను సున్నం లేకుండా చేస్తాను: టేబుల్‌స్పూను పసుపు, అర టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల నువ్వుల నూనె, ముద్ద కావడానికి సరిపడా నీళ్లు. చిన్న మూకుడులో సన్న మంట మీద రెండు మూడు నిమిషాలు కలిపితే గరిటెకు అంటకుండా ముద్దవుతుంది. మోచేతి లోపలి వైపు పెట్టి వేడి చూసుకుని, గుడ్డ మీద అర సెంటీమీటరు మందాన పరిచి, బెణికిన చోట అరగంట ఉంచి తీసెయ్యాలి. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు వేడి పట్టు వద్దు, వాపు పెరుగుతుంది. అప్పుడు చల్లటి గుడ్డే. కాలు నేల మీద మోపలేకపోతే బెణుకో ఎముక విరిగిందో పట్టుతో తేలదు, ఎక్స్‌రే తీయించాలి. కొందరి చర్మానికి పసుపు పడదు. ముందు రోజు మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత రాసి దురద, దద్దుర్లు వస్తాయేమో చూసుకోవాలి.

మొహానికి వాడేది కస్తూరి పసుపు. అది వేరే మొక్క, తినేది కాదు. రెండు సీసాలు పక్కపక్కన పెట్టుకోకపోవడం మంచిది.

మోకాళ్ల నొప్పుల సంగతికి వస్తే పావు చెంచా లెక్క గుర్తుచేసుకోవాలి. కీళ్లనొప్పుల మీద జరిగిన పరీక్షల్లో వాడింది గుళికల్లో పెట్టిన సారం. థాయ్‌లాండ్‌లో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం నాలుగు వారాలు ఇస్తే, రోజుకు 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తో దాదాపు సమానంగా పనిచేసింది. అది చదివి రాత్రి ఓ గ్లాసు పసుపు పాలు తాగి అదే ఫలితం ఆశించడం లెక్క తప్పడం. 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ కావాలన్నా ఇంటి పొడి రోజుకు 16, 17 గ్రాములు, అయిదారు టీస్పూన్లు మింగాలి. అది ఒంటికి మంచిది కాదు. ఆహార సంకలనాల మీద అంతర్జాతీయ నిపుణుల సంఘం కర్క్యుమిన్‌కు పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180, అంటే మన పొడి రెండు టీస్పూన్లు. నేను మందు పేరుతో రోజుకు అర టీస్పూను దాటను, కూరల్లో పడేది ఎలాగూ ఉంది.

గుళికల జోలికి డాక్టర్‌ను అడక్కుండా పోవద్దు. సహజమే కదా అని వేసుకున్న పసుపు గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు 2019లో ఇటలీలో వరసగా బయటపడ్డాయి. ఆ తర్వాత అమెరికాలోనూ నమోదయ్యాయి. శోషణ పెంచడానికి పిపరిన్ కలిపినవి వాటిలో ఉన్నాయి. గుళికలు వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా వెంటనే ఆపెయ్యాలి. మలం కాస్త పసుపుగా రావడం వేరు, దానికి కంగారుపడక్కర్లేదు.

కూరలో పడే చిటికెడుతో ఎవరికీ పేచీ లేదు. మందు మోతాదులో మాత్రం కొందరు దూరంగా ఉండాలి. పసుపు పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, అక్కడ రాళ్లున్నవాళ్లకు అదే నొప్పి తెప్పించొచ్చు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, రెండు వారాల్లో ఆపరేషన్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగాలి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు: పసుపులో ఆక్సలేట్ ఎక్కువ, అదీ చాలావరకు నీళ్లలో కరిగే రకం. వీళ్లు నీళ్లలో పసుపు కలుపుకుని తాగడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పాలలోనైతే కాల్షియం ఆ ఆక్సలేట్‌ను కొంత పట్టేసుకుంటుంది. రక్తహీనతకు ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ మాత్రకూ పసుపు పాలకూ కనీసం రెండు గంటలు ఎడం పెట్టాలి. పాలూ, పసుపూ రెండూ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఇక కామెర్లకు "పచ్చదనానికి పచ్చదనం" అని పసుపు తాగించడమో, ఆ జబ్బులో పసుపు వాసన కూడా తగలకూడదనడమో, రెండూ రంగు చూసి కట్టిన వైద్యాలే.

సీసా మీద పొడి కొట్టిన నెల రాసిపెడతాను. ఏడాది దాటాక రంగు ఉంటుంది, ఘాటు ఉండదు. అది వంటకు పంపించి మందుకు కొత్తది చేసుకుంటాను.

ఇన్నిట్లో రోజూ ఎదురయ్యే కష్టం మరక. పసుపు పడ్డ గుడ్డకు సబ్బు రుద్దగానే మరక ఎర్రగా మారుతుంది, చూసి గుడ్డ పాడైందనుకుంటారు. సబ్బు క్షారం, ఎరుపు దానిదే. మీద నిమ్మరసం పిండితే కళ్లముందే మళ్లీ పసుపవుతుంది. రంగు మారిందే గానీ మరక పోలేదు. మరక పడగానే ముందు పొడిని చెంచాతో గీకి తియ్యాలి, నీళ్లతో నలపకూడదు. తర్వాత సబ్బుతో ఒకసారి ఉతికి, తడిగా ఉన్నప్పుడే ఎండలో ఆరెయ్యాలి. చక్రాలను వెలిసిపోనీయకుండా గుడ్డ కప్పామే, ఆ ఎండే ఇక్కడ పనిచేస్తుంది. రెండు మూడు రోజులు వరసగా గట్టి ఎండలో పడితే మరక ఎక్కడుందో వెతుక్కోవాలి.